స్ట్రాటుఫర్డు వ్యాకరణపాఠశాల

ఇంగ్లండుదేశపు నడిభాగమున, వార్విక్కు మండలములో, ఏవను నది యొడ్డున స్ట్రాటుఫర్డను సంతపట్టణ మొకటి గలదు. క్రీ. శ. 1196వ సంవత్సరమున మొదటి రిచర్డు రాజు అచట వారమున కొకనాఁడు సంత సాగించుకొనుటకు ననుజ్ఞ యొసఁగెను. ఊరిపైఁ బ్రభుత్వము నాఁడు వుస్టరు బిషప్పున కుండెను. అప్పటినుండియుఁ జుట్టుప్రక్కల పల్లెల ధాన్యము, ఉన్ని, తోళ్లు, పశువులు నచటికి వచ్చి యమ్ముడుపోవుచుండెను. తోలుతోఁ జేతితొడుగులు కుట్టి యమ్ముకొను జాన్ షేక్స్పియరను వర్తకుఁ డీ పట్టణమున నివసించుటయు, అతని పుత్రుఁడు విలియము 1564వ సంవత్సరము ఏప్రిలు 26వ తేదిని అచటి దేవాలయమున జ్ఞానస్నానము పొందుటయు లోకవిదితములు. ఆ పుత్రుని కీర్తిచేతనే అచటి పాఠశాలయు నేఁడు దేశదేశములవారికిఁ దెలియుచున్నది. అయినను ఆ పాఠశాల కవికంటె రెండువందల యేఁబదియేండ్లకుఁ బైఁబడి పెద్దది. కవితో సంబంధము లేని చరిత్రయు దానికిఁ గలదు. ఆ చరిత్రము వెంట నాలుగైదు శతాబ్దులుగాఁ గొన్ని శబ్దముల యర్థమును గూర్చిన తగవులు నడచివచ్చినవి. పాఠశాల పేరిలోని ‘గ్రామరు’ శబ్ద మొకటి. దానిముందుఁ జేర్చెడి ‘లిబెర’ యను లాటిను విశేషణము మఱియొకటి. స్థాపకుఁడుగాఁ జెప్పఁబడు రాజు పేరు మూఁడవది. ఈ శబ్దముల యర్థము తేలినఁగాని చరిత్రము తేలదు.

‘గ్రమ్మ’ యనఁగా గ్రీకుభాషలో వ్రాయఁబడిన యక్షరము. దానినుండి అక్షరవిద్య యను నర్థమునఁ బుట్టిన పదము లాటినుభాషకును, ఫ్రెంచిభాషద్వారమున నింగ్లీషునకును దిగినది. సంస్కృతమున వ్యాకరణశబ్దము విడఁదీసి చూపుట యను క్రియను దెలుపును. యూరపుఖండపు శబ్దము వ్రాఁత యను వస్తువును దెలుపును. ఈ భేదము చిన్నది కాదు. పాణినీయము చెవితో విని నోటితో వల్లించు భాషకుఁ బుట్టినది. గ్రీకువారి శాస్త్రము పుస్తకమునఁ బడిన పూర్వకవుల వాక్కును జదువుకొనుటకుఁ బుట్టినది. మధ్యయుగపు టింగ్లండులో నొకఁడు ‘గ్రామరు’ నేర్చెననఁగా లాటిను నేర్చెననియే యర్థము. దేశభాషకు వ్యాకరణ మొకటి యుండవలయునను తలంపు చాలకాలము పుట్టలేదు. విలియము బుల్లోకరు రచించిన తొలి యింగ్లీషు వ్యాకరణము 1586వ సంవత్సరమునఁ గాని వెలువడలేదు. లాటిను రానివారి కా విద్య మంత్రవిద్యవలెఁ దోఁచియుండును. స్కాట్లండువారి నోట ‘గ్రామరు’ శబ్దమే మాఱి ‘గ్లామరు’ అయి, మొదట మాయ, ఇంద్రజాలము అను నర్థములను బొంది, తుదకుఁ జలనచిత్రతారల సోయగమునకుఁ బేరైనది. వైయాకరణులకు దక్కని యాకర్షణము వారి శాస్త్రనామమునకు దక్కినది!

స్ట్రాటుఫర్డులో లాటిను పాఠశాల యుండుటకుఁ దొలి యాధారము 1295వ సంవత్సరమునాఁటిది. ఆ యేఁటి లేఖనమున నచటి పాఠశాలాధిపతి పేర్కొనఁబడెను. అంతకుముందే, 1269లో, పవిత్రశిలువ పేర నొక సంఘము బిషప్పు ననుమతితో నచట వెలసియుండెను. ఇంగ్లీషువారు గిల్డు లనెడి యిట్టి సంఘములు భరతఖండమునఁ బూర్వము వర్ధిల్లిన శ్రేణులను గొంతవఱకుఁ బోలియుండెను. కొంతవఱకే యనవలయును, ఏలయన వృత్తి యొక్కటియే స్ట్రాటుఫర్డు సంఘమునకు మూలము గాదు. స్త్రీలును బురుషులును రుసుము చెల్లించి యందు సభ్యులగుదురు. గతించిన సభ్యుల యాత్మశాంతికై మతాచార్యులచేఁ బ్రార్థనలు చేయించుట, బీదలను ముసలివారిని బోషించుట, ఏఁటేఁట నందఱును గూడి విందు గుడుచుట యనునవి దాని పనులు. 1403లో నా సంఘము ఊరిలోని మఱి రెండు సంఘములతోఁ గలసి బలపడి, క్రమముగాఁ బట్టణవ్యవహారముల నన్నింటిని జేతఁబట్టినది. 1420 ప్రాంతమున సభాభవనము నిర్మింపఁబడెను. 1427-28 సంవత్సరములలోఁ బాఠశాలకై కొయ్యచట్రముల గోడలతో వేఱొక యిల్లు కట్టఁబడెను. అది నేఁటికిని నిలిచియున్నది. సంతకు వచ్చు బేరగాండ్ర సొమ్ముతో ఒక చిన్నయూరు లాటిను విద్యకుఁ బ్రత్యేకముగా నిల్లు గట్టుట, ఆ కాలమున ధర్మకర్తల బుద్ధి యెట్లుండెనో తెలుపుచున్నది.

ఇందుకంటె ముఖ్యమైనది 1482వ సంవత్సరపు దానపత్రము. ఆ సంఘమువాఁడే యగు థామసు జాలిఫను మతాచార్యుఁడు తన భూములను సంఘమునకు ధారవోసి, వాని యాదాయముతో వ్యాకరణమును బోధింపఁగల సమర్థుఁడగు నాచార్యు నొకని నియమింపవలయుననియు, ఆ యాచార్యుఁడు పాఠశాలకు వచ్చు విద్యార్థుల కెల్లరకును విద్య చెప్పవలయుననియు, అందులకై వారివద్ద నేమియుఁ బుచ్చుకొనరాదనియు నిబంధించెను. ఈ నిబంధనములో రెండంశములు గలవు: ‘వచ్చువారికెల్ల’ ననునది యొకటి, ‘ఏమియుఁ బుచ్చుకొనక’ యనునది రెండవది. పాఠశాల తరువాతి చరిత్రమంతయు నీ రెండంశములలో నేది నిలిచినది, యేది జాఱిపోయినది యను ప్రశ్నపైఁ దిరుగుచున్నది.

లిబెరశబ్దపుఁ దగ వీ సందర్భమున గమనింపఁదగినది. పూర్వపు శాసనములలో నిట్టి పాఠశాలలకు ‘లిబెర స్కొల’ యని పేరు. ‘లిబెర్’ అను విశేషణమునకు స్వతంత్రుఁడు, బంధరహితుఁడు అని ముఖ్యార్థము. 19వ శతాబ్దిలో ష్రూస్‌బరీ పాఠశాలకుఁ బ్రధానాచార్యుఁడై 1836 మొదలు 1866 వఱకుఁ బనిచేసిన బెంజమిన్ హాల్ కెన్నెడీ పండితుఁడు ఈ ముఖ్యార్థమునే గ్రహించి, లిబెర స్కొల యనఁగాఁ బైయధికారులకు లోఁబడని స్వతంత్రపాఠశాల యని వాదించెను. రుసుము లేని పాఠశాల యను నర్థమును బ్రాచీన లాటినుకవుల ప్రయోగము సమర్థింపదని యాతని యూహ. కెన్నెడీ సామాన్యుఁడు గాఁడు. 1866లో వెలువడిన యాతని లాటిను వ్యాకరణమే యింగ్లండు పాఠశాలల నేలినది. 1888లో సంస్కరింపఁబడి యాతని పేరనే వెలసిన గ్రంథములో నధికభాగ మాతని కూఁతుండ్రగు మేరియను, జూలియాలును వారితోఁ గూడిన పూర్వశిష్యులును గూర్చినదని తరువాతఁ దెలిసినది. అది వేఱు కథ. ఆతని వాదమును బాఠశాలల చరిత్రకారుఁడగు ఆర్థరు ఫ్రాన్సిసు లీచి ఖండించెను. శాసనములను వ్రాసినవారు ప్రాచీనకవులు గారు, మధ్యయుగపు వ్రాయసగాండ్రు. వారి శబ్దములకు వారి కాలపు దేశభాషలోని యర్థమే గ్రాహ్యము. ఇంగ్లీషున ‘ఫ్రీ’ యన్న దానినే వారు లిబెర యని మార్చి వ్రాసిరి. కావున రుసుము లేని పాఠశాల యనియే తాత్పర్యమని లీచి సిద్ధాంతము. రూఢి యోగమును బాధించునను న్యాయము తెలిసినవారి కీ సిద్ధాంత మే పాటి వింతయుఁ గాదు. పంకజశబ్దమును విని బురదలోఁ బుట్టిన నత్తగుల్లను దెచ్చువానివలెఁ గెన్నెడీ యొక్క యవయవార్థమునే పట్టుకొనెను. స్ట్రాటుఫర్డు విషయమున శబ్దచర్చకుఁ జోటే లేదు. ఏమియుఁ బుచ్చుకొనరాదని జాలిఫు పత్రము కంఠోక్తిగాఁ జెప్పుచున్నది.

ఇఁక స్థాపకుని మాట. పాఠశాల ఆఱవ ఎడ్వర్డు పేరఁ బరఁగుచున్నది. ఆ పేరుగల వ్యాకరణపాఠశాల లింగ్లండునందుఁ బెక్కులు గలవు. బాలుఁడగు నా రాజు విద్యాభిమానియై పాఠశాలలను నెలకొల్పెనని చాలకాలము చెప్పుకొనిరి. జరిగిన దిట్లు: అష్టమ హెన్రీ మతమార్పు పిమ్మట, ఆతని కుమారుని రాజ్యమున 1547లో నొక చట్టము చేయఁబడెను. మృతులకై ప్రార్థనలు చేయించుట మూఢవిశ్వాసమని చెప్పి, అందులకై యేర్పడిన దత్తులను, సంఘముల యాస్తులను రాజు వశపఱచుకొనెను. పవిత్రశిలువ సంఘ మట్లే రూపుమాసెను. దాని మాన్యములు పోయిన పిమ్మట నూరిపెద్దలు తమ యాస్తిని దమకిమ్మని వేఁడుకొనిరి. 1553వ సంవత్సరము జూను 28వ తేదిని రాజశాసనము వెలువడెను. పట్టణమునకు బెయిలీఫును, ఆల్డర్మెనులును గల పాలకసభ యేర్పడెను. సంఘపు భూము లా సభ కీయఁబడెను. ఆ భూముల యాదాయమునుండి పాఠశాలాచార్యునకు నివాసగృహమును, ఏఁటికి 20 పౌనుల జీతమును నీయవలయునని విధింపఁబడెను. పాఠశాలకు ‘స్ట్రాటుఫర్డునందలి రాజుగారి క్రొత్తపాఠశాల’ యని పేరు వచ్చెను. శాసనము వెలువడిన యెనిమిది దినములకు, జూలై 6వ తేదిని, పదునేనేండ్ల యెడ్వర్డు మరణించెను.

లీచి 1896లోఁ బ్రకటించిన గ్రంథమున రాజకీయలేఖనములను వెలికిఁదీసి, యెడ్వర్డు పాఠశాలలకు స్థాపకుఁడు గాఁడు, అపహర్తయని నిరూపింపఁజూచెను. ఆతని మాటలలో వాఁడి యెక్కువ. తరువాతి పండితు లాతని లెక్కలను గొన్నింటిని దిద్దిరి. స్ట్రాటుఫర్డునకు వచ్చునప్పటి కాతని పక్షమే బలవత్తరముగాఁ గనఁబడును. ఊరివారి సొమ్ము నూరివారికే తిరిగి యిచ్చి, దానిపై రాజనామము వేసిరి. 125 ఏండ్ల క్రిందటనే యింటితో వెలసిన పాఠశాలకుఁ ‘గ్రొత్త’ యను విశేషణము తగిలించిరి. అయినను రాజశాసనము వట్టిదని త్రోసివేయుటయు న్యాయము గాదు. పాఠశాల నిర్వహణము మృతుల ప్రార్థనలతో ముడివడి యున్నంతకాలము, ప్రార్థనలు నిషిద్ధములైననాఁడు పాఠశాలయుఁ గూలవలసినదే. శాసన మా ముడిని విప్పి, విద్యను బట్టణపాలకుల శాశ్వతధర్మముగాఁ జేసినది. స్థాపకుఁడు జాలిఫును ఆతని సంఘమును. నిలిపినది 1553వ యేఁటి శాసనము. నేఁటి పేరిలో నిలిపినవానికిఁ జోటు గలదు, స్థాపించినవానికి లేదు.

శాసనము పిమ్మటఁ బాఠశాల సంఘభవనపు మేడమీఁది పొడవైన గదిలో నడచెను. క్రింది యంతస్తునఁ బట్టణసభ కూడెడిది. జాన్ షేక్స్పియరు 1568లో బెయిలీఫు పదవి నందెను. ఆతని యధికారకాలమున 1569లో నాటకసమాజము లా భవనమున నాడి పట్టణసభవలన సొమ్ము పొందినట్లు లెక్కపుస్తకములలో నున్నది. అప్పటికిఁ గుమారునకు నైదేండ్లు. నాటకము క్రిందను, వ్యాకరణము మీఁదను గల యా యొక్క భవనమే యా బాలుని జీవితమునకుఁ జాలియుండెనేమో యని చమత్కారముగాఁ జెప్పుకొనవచ్చును. 16వ శతాబ్దిలోఁ బాఠశాలలోఁ జేరిన బాలుర పట్టిక మిగిలియుండలేదు. కావున విలియము షేక్స్పియ రందుఁ జదివెననుటకు లిఖితసాక్ష్యము లేదు. 1709లోఁ గవిచరితమును వ్రాసిన నికొలసు రో మొదలుకొని యందఱును జదివెననియే చెప్పిరి. తండ్రి పట్టణాధికారి, పాఠశాల యింటికిఁ గూఁతవేటు దూరమునను రుసుము లేకయు నున్నది, కుమారుని నాటకములు పాఠ్యగ్రంథముల వాసనతో నిండియున్నవి. ఇంతకుమించిన యనుమానప్రమాణము వేఱొక్కటి యక్కఱలేదు.

ఆ కాలపు టాచార్యులు మువ్వురు పేర్కొనఁదగినవారు. సైమను హంటు 1571 మొదలు 1575 వఱకును, థామసు జెంకిన్సు 1579 వఱకును, జాను కాటము 1581 వఱకును బోధించిరి. జెంకిన్సు ఆక్స్‌ఫర్డులోని సెయింట్ జాన్సు కళాశాలలోఁ బండితుఁడుగా నుండి వచ్చినవాఁడు. కాటము పని విడిచిన మఱుసటి యేఁడు, పాతమతమునఁ జేరి జెసూయిటు గురువైన యాతని సోదరుఁడు థామసు కాటము రాజద్రోహి యని యురిదీయఁబడెను. పల్లెటూరి సంతలో లాటిను చెప్పుకొని బ్రదుకువానికిఁగూడ నాఁటి మతకలహముల సెగ తగులకపోలేదు.

పాఠ్యగ్రంథ మెట్టిదో చూడవలయును. లండనులో సెయింట్ పాల్సు పాఠశాలకుఁ దొలి ప్రధానాచార్యుఁడును, రోడ్సు ద్వీపమున గ్రీకు నభ్యసించినవాఁడును నగు విలియము లిలీ పేరఁ బరఁగు వ్యాకరణమునే దేశమంతటను జదువవలయునని 1540 ప్రాంతమున రాజాజ్ఞ యయ్యెను. 1559లో నెలిజబెత్తు రాణి దానిని స్థిరపఱచెను. ఒక ప్రభువు దేశమున కంతకు నొక్క వ్యాకరణమునే విధించుట యరుదు. అందు వాక్యప్రకరణమున ఎరాస్మసు పండితుని చేయి గలదు. గ్రంథమున రెండుభాగములు: మొదటిది యింగ్లీషున వ్రాసిన బాలబోధ, రెండవది లాటినుననే వ్రాసిన విస్తరగ్రంథము. శబ్దము లెనిమిదిరకములని చెప్పి, రూపభేదము గలవి నాలుగు, లేనివి నాలుగు నని విభజించి, లిలీ ప్రారంభించును. నామాఖ్యాతోపసర్గనిపాతములని నాలుగింటితో సరిపెట్టిన యాస్కునికంటె విభాగములు రెట్టింపయ్యెను. సర్వనామమును, కృదంతవిశేషణమును వేఱుగా లెక్కించుట యందులకు ముఖ్యకారణము. విభక్తు లాఱు, వచనములు రెండు. సంస్కృతపు ద్వివచనము లాటినులో రెండుమూఁడు శబ్దములందుఁ దక్కఁ జచ్చిపోయినది. లింగములు మాత్ర మేడని లెక్క! పుంస్త్రీనపుంసకములు మూఁడుగాక, ద్విలింగ, త్రిలింగ, సందిగ్ధలింగములును, ఒక్క లింగముతోనే యుభయజంతువులను జెప్పు శబ్దములును వేఱుగా లెక్కింపఁబడినవి. లింగమును దెలుపుటకుఁ బ్రతి నామమునకు ముందును ‘ఇది’ యను నర్థముగల సర్వనామము నా యా లింగమునఁ జేర్చి వల్లింతురు. రూపభేదముచేతను, సాహచర్యముచేతను, కొన్నియెడల స్పష్టోక్తిచేతను లింగమును దెలిపిన యమరసింహుని పద్ధతి దీనికంటె లఘువు. లిలీ లింగనియమములను, క్రియారూపములను బద్యములుగాఁ గట్టెను. బాలు రర్థము తెలియకముందే వానిని గంఠస్థము చేయుదురు. అమరమును వల్లెవేసినవారికి నా గది దృశ్యము క్రొత్తది గాదు.

ఆ కాలపు పాఠశాలలు వేసవిలో నాఱు గంటలకును, శీతకాలమున నేడు గంటలకును దెఱవఁబడి, నడుమ విరామములతో సాయంకాల మైదు గంటలవఱకు సాగెడివి. అక్షరములు, ఇంగ్లీషు చదువు వచ్చిన యేడేండ్ల బాలుఁడు చేరి, లిలీతో మొదలుపెట్టి, కేటో నీతులు, ఈసపు కథలు, టెరెన్సు నాటకములు, మాంటువాను గోపకావ్యములు దాఁటి, ఒవిడు, వర్జిలు, సిసెరో, హొరేసు గ్రంథములకుఁ జేరును. రోజరు ఆస్కము 1570లో వెలువడిన తన గ్రంథమున బెత్తము నిందించి, లాటిను వాక్యము నింగ్లీషు చేయించి, పుస్తకము మూసి, తిరిగి దానిని లాటిను చేయించు పద్ధతి నుపదేశించెను. ఎరాస్మసు ఒక్కటే వాక్యమును నూటికి మించిన రీతులఁ దిప్పి చూపిన గ్రంథ మలంకారశిక్షకు మూలము. ఒకే భావమును బదివిధములఁ బలుకఁగల నేర్పు గవి కెక్కడనుండి వచ్చెనని యాశ్చర్యపడువా రీ గ్రంథమును మఱచుచున్నారు.

కవి మాత్రము గురువులను గేలిచేసెను. ‘విండ్సరు ఉల్లాసవనితలు’ అను ప్రహసనమున విలియమను పేరుగల బాలుని వేల్సుదేశపు మతగురువు ప్రశ్నించును. నామములకు వచనములెన్ని, సర్వనామము షష్ఠీబహువచనరూప మెట్లు అని యాతఁ డడుగఁగా, లాటినెఱుఁగని పనికత్తె యా రూపములలో నింగ్లీషు బూతులను విని, పసివానికిట్టివి నేర్పుదురా యని మండిపడును. బాలుఁడు తుదకు రూపములను మఱచును. తల్లి మాత్రము తన కుమారుఁడు తాననుకొన్నదానికంటె మంచి విద్యార్థి యని మురియును. 1602లో నచ్చైన ప్రతిలో నీ రంగము లేదు, 1623 సంపుటమున నున్నది. ఇందలి ప్రశ్నలు లిలీ బాలబోధలోనివే. ఆ బాలబోధను నోటఁ బట్టినవాఁడు గాని యీ హాస్యమును గూర్పలేఁడు, పట్టినవాఁడు గాని నవ్వలేఁడు. అదే 1623 సంపుటమునఁ జేర్చిన ప్రశంసాపద్యమున బెను జాన్సను మిత్రునకు లాటిను కొంచెమనియు, గ్రీకు మఱింత కొంచెమనియుఁ జెప్పెను. జాన్సను మహావిద్వాంసుఁడు, ఆతని కొంచెము వేఱు, లోకుల కొంచెము వేఱు. టి. డబ్ల్యు. బాల్డ్విను 1944లోఁ బ్రకటించిన రెండు పెద్దసంపుటములలో నాఁటి వ్యాకరణపాఠశాలల పాఠ్యక్రమమునంతయు శోధించి, కవికిఁ గావలసిన విద్య యందే లభించుచుండెనని చూపెను.

ఈ విద్య ‘వచ్చువారికెల్ల’ నను నిబంధనమున కెంతవఱకు లోఁబడియుండెను? వచ్చువారు బాలురే. కవి కుమార్తె జూడిత్తు 1611లో నొక పత్రముపైఁ జేవ్రాలు వ్రాయలేక గుర్తు పెట్టినది. పాఠశాల యుండిన పట్టణములోనే పెరిగిన బాలిక యామె.

తరువాతి రెండుశతాబ్దుల చరిత్ర మిచటఁ గాని తక్కిన పట్టణములలోఁ గాని యుత్సాహకరము గాదు. లాటినుతో వర్తకులకుఁ బని తగ్గెను. గణితమును, దేశభాషలను గోరుచుండిరి. దానపత్రములు ‘వ్యాకరణ’ మనియే యుండెను. లీడ్సు పాఠశాలవారు ఫ్రెంచి, జర్మను, గణితములను బెట్టఁగోరఁగా, 1805లో నెల్డను ప్రభువు జాన్సను నిఘంటువులోని యర్థమునే ప్రమాణముగాఁ గొని, ప్రాచీనభాషలను వ్యాకరణయుక్తముగాఁ జెప్పునదే వ్యాకరణపాఠశాల, దత్తిధనమును మఱియొకదానికి వెచ్చింపరాదని తీర్పుచెప్పెను. ఒక శబ్దార్థము దేశమునందలి బాలుర చదువును ముప్పదియైదేండ్లు బంధించినది. 1840లోఁ జట్టము చేసి యా బంధమును సడలించిరి. 1864లో నియమింపఁబడిన టాంటను ప్రభువు సంఘము 1868లో నివేదిక యొసఁగెను. మఱుసటి యేఁటి చట్టముచే దత్తులన్నియుఁ బునర్వ్యవస్థ పొందెను. అప్పుడు రుసుములు వచ్చినవి. జాలిఫు నిబంధనములోని రెండవ యంశ మట్లు జాఱినది. 1907లో బ్రభుత్వసహాయము పొందు పాఠశాలలు నాలుగవవంతు స్థానములను రుసుము లేక యీయవలయునను నియమ మేర్పడెను.

1944వ యేఁటి విద్యాచట్టము విచిత్రమైన పని చేసినది. ప్రభుత్వపోషితములగు మాధ్యమికపాఠశాలలలో రుసుము లెత్తివేయఁబడెను. ‘ఏమియుఁ బుచ్చుకొనక’ యనునది తిరిగి వచ్చెను. దానివెంటనే, పదునొకండవ యేఁట నొక పరీక్ష పెట్టి, తెలివిగలవారని తేలిన కొందఱినే వ్యాకరణపాఠశాలకుఁ బంపు పద్ధతి దేశమంతటను బాఁతుకొనెను. ‘వచ్చువారికెల్ల’ ననునది పోయెను. 1965లో బ్రభుత్వ మీ విభజనమును మానుమని మండలములను గోరఁగాఁ బెక్కుచోట్ల వ్యాకరణపాఠశాలలు సామాన్యపాఠశాలలుగా మాఱినవి. 1998వ యేఁటి చట్ట మిట్టివానిని గ్రొత్తగా స్థాపింపరాదని నిషేధించెను. మిగిలినవి 163, స్ట్రాటుఫర్డు పాఠశాల యందొకటి. ఆ పరీక్షలో వ్యాకరణ మడుగరు. గణితమును, భాషాజ్ఞానమును, ఊహాశక్తిని శోధింతురు. ‘గ్రామరు’ శబ్ద మిట్లు మూఁడవ యర్థమును బొందినది: మొదట లాటిను, తరువాత నుత్తమవిద్య, నేఁడు పరీక్షచే నేఱఁబడిన బాలుర గుంపు. పరీక్ష పేదవాని కొడుకును బై కెత్తినదని యొకరును, పరీక్షకు శిక్షకులను బెట్టుకొనఁగల ధనికులకే యది ద్వార మైనదని వేఱొకరును వాదింతురు. రెండింటికిని దృష్టాంతములు గలవు. కాని యేఱుట యను పద్ధతిని ఆఱవ యెడ్వర్డు నాఁటి పూర్వాచారమని సమర్థించువారు మాత్రము శాసనమును జదువనివారే. పదునొకొండేండ్ల బాలుని నిలువరించుటకు 1482 పత్రమునఁ గాని, 1553 శాసనమునఁ గాని యక్షరమైనను లేదు.

సంఘభవనమును దత్తులతో మరమ్మతు చేసి, మేడమీఁది గదిని 2016లో సందర్శకులకుఁ దెఱచిరి. ఏప్రిలు 23వ తేదికి సమీపమున నేఁటేఁట విద్యార్థులు పూవులు పట్టుకొని యూరేగింపుగా హోలీ ట్రినిటీ దేవాలయమునందలి కవి సమాధికిఁ బోవుచుందురు. పాఠశాల 2011లో నకాడమీ యను క్రొత్తవిధమైన నిర్వహణమునకు మాఱినది. 2013వ సంవత్సరమునఁ జివరి రెండు తరగతులలో బాలికలకుఁ బ్రవేశ మీయఁబడినది.